డప్పు మనది, కబురు ఎవరిది?

“ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా...” ఈ కేక వినని ఊరు తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాల్లో లేదు. తాలూకాలు పోయి మండలాలొచ్చి నలభై ఏళ్ళవుతున్నా జనం నోట్లో ఇంకా తాలూకాలే, మేమూ అట్లాగే అంటాం. శిస్తు కట్టమని కేకేసింది మనోడే. కాలవకి నీళ్ళొదుల్తున్నారని, కలరా సూదులేస్తున్నారని, గాలివాన వస్తోందని, చెరువు వేలమని, ఫలానావాడి సొత్తు జప్తని ఊరంతా తిరిగి చెప్పింది మనోడే. కొన్ని ఊళ్ళలో మాల, కొన్ని ఊళ్ళలో మాదిగ. వెట్టివాడన్నారు, నౌకరన్నారు, గ్రామ సేవకుడన్నారు, ఆఖరికి వీఆర్‌ఏ అన్నారు. పేరుకి నాలుగు మెట్లెక్కాడు గానీ మెళ్ళో టముకు దిగలేదు. ఊళ్ళో ఆసామి పోతే పొరుగూరి చుట్టాలకి చావు కబురు మోసిందీ మనోడే. వాకిలి దాటి లోపలికి పోకుండా బయటే నిలబడి చెప్పి వెనక్కొచ్చిందీ మనోడే.

ఇంత కబురు మోసినవాడి పల్లెలో ఆ కబురు ఎంతమందికి తెలుసు? ఊళ్ళో నాలుగు బజార్ల కూడలిలో నిలబడి నాలుగు సార్లు చెప్పేవాడు. పల్లె దగ్గరకొచ్చేసరికి చీకటి పడేది. మొదట్లో రెండు దెబ్బలేసి ఇంటికి పోయేవాడు. మునసబు చెప్పమన్నది ఊరికి, పల్లెకి కాదు. చెరువు వేలం పాడేవాడు ఊళ్ళో ఉంటాడు గానీ పల్లెలో ఎందుకుంటాడు అని వాళ్ళ లెక్క. నిజానికి పల్లెలో వాడికి తెలిస్తే పాడతాడేమోనని అసలు భయం.

1984 జనవరిలో రామారావుగారి ప్రభుత్వం కరణాల్నీ మునసబుల్నీ తీసేసింది. మునసబు పోయాడు, ఆ లెక్క మాత్రం పోలేదు. ఇవాళ పంచాయతీలో జరిగే సంగతులు ప్రజలకి ఎప్పటికప్పుడు తెలియజేస్తున్నామని ప్రతి మీటింగులోనూ చెప్తున్నారు. బోర్డులున్నాయంటారు, సచివాలయం ఉందంటారు, ఫోన్లో వస్తోందంటారు. మేము మూడు తాలూకాల్లో తిరిగే వాళ్ళం. పల్లెల్లో కూచుని అడుగుతున్నాం: కిందటి గ్రామసభ ఎప్పుడు జరిగింది? అందులో ఏం తీర్మానం చేశారు? చెరువు ఎంతకి పాడారు? పంచాయతీ డబ్బుల్లో మన వాడకి రావాల్సిన వాటా ఎంత, వచ్చిందెంత? పింఛను ఏ తారీఖున ఇస్తారో ప్రతి ముసలమ్మకీ తెలుసు. ఈ నాలుగు ప్రశ్నలకి మాత్రం పదో క్లాసు చదివిన కుర్రాడు కూడా నీళ్ళు నములుతున్నాడు. వాడి తప్పేం లేదు, వాడికి ఎవరూ చెప్పలేదు.

ఈ సంగతి కొత్తగా మన జిల్లాలో పుట్టింది కాదు. మహారాష్ట్రలో మహార్లు చేసింది ఇదే చాకిరీ. సర్కారు కబురూ వాళ్ళే మోశారు, చావు కబురూ వాళ్ళే మోశారు. బదులుగా వతన్ అని ఇంత చెక్క భూమి, ఇంటింటా అడుక్కునే గింజలు. ఆ వతన్ సంకెళ్ళు తెంచాలని బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు. 1932లో అదే మండలిలో గ్రామ పంచాయతీల బిల్లు వచ్చినప్పుడు, అంటరానివాళ్ళకి విడిగా చోటు లేకుండా ఊరి పెద్దల చేతికి అధికారం ఇస్తే ఒప్పుకునేది లేదని నిలబడ్డాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో, ఊరిని కాదు మనిషిని లెక్కలోకి తీసుకోవాలన్నాడు. ఊరంటే ఏంటో ఆయనకి తెలుసు. ఊరి బయట పుట్టిన వాడికి తెలిసినట్టు ఊరి గురించి ఇంకెవరికి తెలుస్తుంది?

పంచాయతీల్లో మనకి రిజర్వేషను రాజ్యాంగంలోకి ఎక్కింది 73వ సవరణతో. అది అమల్లోకొచ్చింది 1993 ఏప్రిల్ 24న. బాబాసాహెబ్ అడిగిన తర్వాత అరవై ఒక్క ఏళ్ళకి! దాని వెనక 1994లో మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఆ చట్టంలో సర్పంచి, వార్డు మెంబర్ల మాట అందరికీ తెలుసు. గ్రామసభ మాట చాలామందికి తెలియదు. ఊళ్ళో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడు. ఎవరూ నామినేట్ చెయ్యక్కర్లేదు, ఎవరి దయా అక్కర్లేదు. నాట్లేసే నాగమ్మ ఎంత సభ్యురాలో నలభై ఎకరాల ఆసామి అంతే సభ్యుడు. ఏడాదికి కనీసం రెండు సార్లు ఈ సభ పెట్టి తీరాలి. ఆ రెండు తారీఖులు ఏంటో తెలుసా? ఒకటి అక్టోబరు 3. రెండోది ఏప్రిల్ 14.

ఏప్రిల్ 14! తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ బాబాసాహెబ్ పుట్టినరోజున ఊరంతా కూచుని లెక్కలు చెప్పుకోవాలని చట్టం. మనం ఆ రోజు ఏం చేస్తున్నాం? పొద్దున్నే విగ్రహం కడిగి దండేస్తాం, జెండా ఎగరేస్తాం, పులిహోర పంచుతాం, సాయంత్రం ట్రాక్టరు మీద బాక్సులు పెట్టి ఊరేగుతాం. అదంతా చెయ్యాల్సిందే, మేమూ చేస్తాం. కానీ అదే రోజు పంచాయతీ ఆఫీసులో ఒక పుస్తకం తెరుచుకుంటుంది. “ఈ దినము గ్రామసభ జరిగినది, ఈ క్రింది తీర్మానములు ఏకగ్రీవముగా ఆమోదించడమైనది” అని రాసేసుకుంటున్నారు. మనం దండేసి దిగేలోపు వాళ్ళ సభ అయిపోతోంది. తర్వాత నాలుగు రోజులకి ఆ పుస్తకం సంకలో పెట్టుకుని బంట్రోతు పల్లెకొస్తాడు. పింఛనుకనుకుని ముసలాళ్ళు వేలిముద్రలేస్తారు, ఇళ్ళ పట్టాలకనుకుని కుర్రాళ్ళు సంతకాలు పెడతారు. ఏకగ్రీవమైపోయింది.

కొన్ని చోట్ల సభ నిజంగానే జరుగుద్ది. నోటీసు పంచాయతీ ఆఫీసు గోడకి అంటిస్తారు, లోపలి గోడకి. సభ పొద్దున పది పదకొండింటికి. మన ఆడోళ్ళు ఆరింటికే ఆటో ఎక్కి నాట్లకో, కలుపుకో, మిరపకాయలకో పోయుంటారు. సభకొస్తే ఆ రోజు కూలి పోద్ది, ముఠాలో చోటు కూడా పోద్ది. అంచేత సభలో కూచునేది ఎవరయ్యా అంటే పొద్దున పదింటికి తీరిగ్గా ఉండేవాళ్ళు. వాళ్ళెవరో చెప్పక్కర్లేదు. ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు ఏ బజార్లో కట్టాలో, సిమెంటు రోడ్డు ఎవరింటి దాకా వెయ్యాలో వాళ్ళే చెప్తారు. మన వార్డు మెంబరు వచ్చినా గుమ్మం పక్కన నిలబడతాడు. కుర్చీ లేకపోవడం వల్ల కాదు, కుర్చీలో కూచుంటే తర్వాత కౌలు ఇవ్వరని.

రిజర్వుడు సీట్లో మన సర్పంచి ఉన్న ఊళ్ళ సంగతి వేరే చెప్పాలి. 1995 నించి 2021 దాకా అయిదు సార్లు పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఆ ఎన్నికల్లో ఎంతమంది మనోళ్ళు సర్పంచులయ్యారో, అంతమందిలో ఎంతమంది చేతిలో తాళాలున్నాయో మనకి తెలిసిందే. 2021 ఫిబ్రవరి ఎన్నికలప్పుడు ఏకగ్రీవం చేసుకుంటే జనాభాని బట్టి 5 లక్షల నించి 20 లక్షల దాకా ఇస్తామని ప్రభుత్వమే ఆశ పెట్టింది. ఏకగ్రీవం ఎక్కడ తేలుద్ది? పల్లెలో తేలుద్దా? రామాలయం అరుగు మీద తేలుద్ది, తేలిన సంగతి మర్నాడు మనకి తెలుస్తుంది. దళిత సర్పంచినో మెంబరునో పని చెయ్యనీకుండా బెదిరించినా అడ్డం పడినా అత్యాచార నిరోధక చట్టం కింద నేరం అవుతుంది. ఆ సవరణ 2016 జనవరి 26 నించి అమల్లో ఉంది. ఎన్ని పల్లెల్లో ఈ సంగతి తెలుసు? ఈ కబురుకి మాత్రం ఎవరూ టముకు వెయ్యలేదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మన దగ్గరికి కబురు అసలు రావడం లేదని మేము అనం. ఒక రకం కబురు వస్తూనే ఉంది. 2019 ఆగస్టు 15 నించి యాభై ఇళ్ళకో వాలంటీరొచ్చాడు. తలుపు కొట్టి, పేరు పెట్టి పిలిచి, పింఛను చేతిలో పెట్టాడు. ఆ పిల్లల్లో చాలామంది మన పల్లెల పిల్లలే, నెలకి 5 వేలకి ఊడిగం చేశారు. ఆ ఏడే అక్టోబరు 2న గ్రామ సచివాలయాలొచ్చాయి. ప్రభుత్వం మారాక 2024 జూలై 1 నించి పింఛను సచివాలయం సిబ్బంది పంచుతున్నారు, వాలంటీర్లని పక్కన పెట్టేశారు. 2025 జనవరి 30న వాట్సాప్‌లో మన మిత్ర అని పెట్టి 161 సేవలు ఫోన్లోనే అన్నారు. కరెంటు బిల్లు, కులం సర్టిఫికెట్టు కాగితాలు, ఇంటిపన్ను. మంచిదే. మీసేవ ముందు పూటంతా నిలబడే బాధ కొంత తప్పుద్ది, ఆ మాట కాదనడం లేదు.

అయితే జాగ్రత్తగా చూడండి. ఈ కబురంతా ఒక్కో మనిషికి విడివిడిగా వచ్చే కబురు. నీ పింఛను వచ్చింది, నీ బియ్యం వచ్చాయి, నీ దరఖాస్తు తోసేశారు. నువ్వు లబ్ధిదారుడివి, చెయ్యి చాపు, వేలిముద్ర వెయ్యి, వెళ్ళు. ఊరందరికీ చెందిన ఆస్తి గురించిన కబురు ఆ ఫోన్లోకి మోగుతూ రావడం మేమెక్కడా చూడలేదు. పంచాయతీ చెరువులో చేపల హక్కు ఈ ఏడు ఎవరికి పాడారు? చెరువు గట్టు మీద కొబ్బరి చెట్ల ఫలసాయం ఎవరిది? శ్మశానం పక్క పోరంబోకులో కంచె వేసిందెవరు? కొత్తగా లేఅవుటు వేసినాయన పంచాయతీకి వదిలిన జాగా ఎక్కడ? పంచాయతీ సాధారణ నిధుల్లో నూటికి 15 ఎస్సీల కోసం ఖర్చు పెట్టాలన్న నియమం ఉంది గదా, ఆ 15 ఏ పద్దులో రాశారు? ఊరి మురుగ్గాలవ పల్లె పక్కగా పోతుంది గనక ఆ కాలవ పూడిక తీసిన ఖర్చు కూడా ఎస్సీ పద్దులో వేసే మహానుభావులున్నారు. ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది, పదేళ్ళు నిండితే 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. ఆ డబ్బు ఏ రోడ్డు కింద పోసి కప్పెట్టారో అడిగేందుకు లెక్క మన ముందుకి రావాలి గదా!

అంటే మనకి పెట్టే కబురు ఒకటి, మనకి దాచే కబురు ఇంకొకటి. పింఛను కబురు అందినవాడు దండం పెడతాడు. చెరువు పాట కబురు అందినవాడు వాటా అడుగుతాడు. తేడా తెలిసే చేస్తున్నారు.

ఏ కబురు ఎవరు చెప్తున్నారు, ఎప్పుడు చెప్తున్నారు అనేది మన జిల్లాలో ప్రాణాల మీదికొచ్చిన సంగతి. చుండూరు మర్చిపోయామా? 1991 ఆగస్టు 6. ఊరు పల్లెని వెలేసి, కూలికి పిలవడం మానేసిన రోజులు. ఆ రోజు పోలీసులే వచ్చి వాళ్ళు మీద పడుతున్నారు పారిపొమ్మని చెప్పారని, నమ్మి పొలాల్లోకి పరిగెత్తినవాళ్ళని అక్కడ కాపేసినవాళ్ళు నరికారని, అప్పుడు పల్లెకి పోయి విచారించిన నిజనిర్ధారణ సంఘాలు రాశాయి. ఎనిమిది మంది. గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. సర్కారు నోటి నించి పల్లెకి ఒక కబురు అంత వేగంగా రావడం అదే మొదలేమో. వచ్చిన కబురు చంపడానికొచ్చింది.

చుండూరు గురించే ఇంకో మాట. ఆ కేసు ఎక్కడో పట్నంలో కాదు, మా ఊళ్ళోనే విచారించాలని పల్లె జనం పట్టుబట్టారు. ప్రత్యేక కోర్టుని చుండూరుకే రప్పించారు. అత్యాచారం జరిగిన ఊళ్ళోనే కోర్టు కూచోడం దేశంలో అదే మొదలు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసిందా కోర్టు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది, అది వేరే గాయం. ఇక్కడ చెప్పొచ్చేదేంటంటే, జడ్జీని, బెంచీని, బంట్రోతుని పల్లె దగ్గరికి నడిపించిన జనం ఈ నేల మీదే ఉన్నారు. కోర్టే రాగా లేంది పంచాయతీ సెక్రటరీ రాలేడా?

వరద సంగతి తీసుకోండి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నించి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వదిలారు. బ్యారేజీ పుట్టాక అంత నీరు ఎన్నడూ పోలేదన్నారు. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకలు మునిగాయి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్ళు ఈ వైపు ఇంకా ఉన్నారు. రేడియో ఉన్న ఇల్లు ఏ బజార్లో ఉండేదో, గుడిసె ఏ పల్లంలో ఉండేదో వాళ్ళని అడిగితే చెప్తారు. ఇప్పుడు రేడియో స్థానంలో ఫోనొచ్చింది. గాలివాన నాడు ముందు కరెంటు పోద్ది, తర్వాత ఫోన్ చచ్చిపోద్ది. అప్పుడు మళ్ళీ టముకే గతి, మైకే గతి. వరద తీశాక నష్టం జాబితాలు రాస్తారు. పొలం కౌలుకి చేసింది మనోడు, జాబితాలోకెక్కేది పట్టాదారు. 2019 కౌలు చట్టంలో కార్డు కావాలంటే ఆసామి సంతకం కావాలన్నారు. సంతకం పెట్టే ఆసామిని చూపిస్తే మేము సన్మానం చేస్తాం. జాబితాలు సచివాలయం గోడకి అంటించారు, అభ్యంతరాలుంటే చెప్పమన్నారు అంటారు. ఇల్లు మునిగి గట్టు మీద టార్పాలిన్ కింద పడున్నవాడు గోడ మీద జాబితా ఎప్పుడు చదువుతాడు?

జిల్లా చీల్చిన కబురు కూడా అట్లాగే వచ్చింది. 2022 జనవరిలో గెజిట్లో వేసి, 30 రోజుల్లో అభ్యంతరాలు చెప్పుకోమన్నారు. ఏప్రిల్ 4కి బాపట్ల జిల్లా అయిపోయింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. తెనాలి పక్కనున్న చుండూరు, అమర్తలూరు, వేమూరు, కొల్లూరు బాపట్లకి పోయాయి. కొల్లూరు లంకలో మనిషికి ఆస్పత్రి తెనాలి, సంత తెనాలి, కోర్టు పని తెనాలి, కలెక్టరు మాత్రం బాపట్లలో. రెండు బస్సులు మారి పోవాలి. జిల్లా చిన్నదైతే మంచిదే కావచ్చు, ఆ చర్చ ఇప్పుడొద్దు. ఆ 30 రోజుల్లో ఏ ఒక్క మాలపల్లిలో గానీ, మాదిగపల్లిలో గానీ గెజిటు చదివి వినిపించారా? కారంచేడూ చుండూరూ, 1985కీ 1991కీ సాక్షులైన రెండు ఊళ్ళూ, ఇప్పుడు ఒకే కలెక్టరు కిందికొచ్చాయి. మా బోటివాళ్ళకి అది ఊరికే మ్యాపు మార్పుగా కనపడదు.

ఇక్కడ మన కుర్రాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు, వెయ్యాలి కూడా. “ఏం మాస్టారూ, మళ్ళీ మమ్మల్ని డప్పు మెళ్ళో వేసుకోమంటారా?” అని. లేదు. కారంచేడు తర్వాత చాలా పల్లెల్లో మనోళ్ళు చావుకీ జాతరకీ డప్పు కొట్టమని చెప్పి డప్పులు దించేశారు. అది ఆత్మగౌరవ పోరాటం. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడు ఊరి కబురు చాటిన డప్పు మొదటిసారి తన కబురు తాను చాటింది. వర్గీకరణ మీద మనలో మనకి ఎన్ని వాదాలున్నా ఆ పేరు పెట్టుకోడంలో ఉన్న తెగువ కాదనలేం. మేమడిగేది వేరు. టముకు వెయ్యడం మన కులం పని కాదు, పంచాయతీ డ్యూటీ. జప్తు ఉత్తర్వుని డప్పు కొట్టి చాటాలని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో రాసుంది, కొట్టేవాడి కులం ఏ కోడ్‌లోనూ రాసి లేదు. జీతం తీసుకునే సెక్రటరీ మైకు పట్టుకుని పల్లె నడిబొడ్డున నిలబడి చదవాలి. గొంతు నొప్పెడితే మంచినీళ్ళు మేమిస్తాం, మా గ్లాసుల్లోనే ఇస్తాం.

ఇట్లాంటిది కుదరదనేవాళ్ళు ఉపాధి హామీ పనుల మీద జరిగిన సోషల్ ఆడిట్లు గుర్తు తెచ్చుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నించి మొదలుపెట్టి, 2009లో దానికోసం ఒక సొసైటీనే పెట్టారు. ఎవరు ఎన్ని రోజులు చేశారు, ఎంత ఇచ్చామని రాసుకున్నారు, చేతికెంతొచ్చింది అని పేరు పేరునా సభలో చదివారు. “నేను ఆ పనికే పోలేదు, నా పేరున డబ్బులెవరు తిన్నారు?” అని కూలిచేసే ఆడమనిషి నలుగురిలో లేచి అడిగింది. ఆ ఆడిట్లని తర్వాత తర్వాత ఎట్లా మెత్తబరిచారో కూడా చూశాం. అయినా లెక్క గట్టిగా చదివితే, అదీ పేర్లతో చదివితే ఏమవుతుందో మన జనం ఒకసారి రుచి చూశారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి రికార్డన్నారు. ఒక్క రోజులో అన్ని సభలు పెట్టగల ప్రభుత్వానికి ప్రతి ఊళ్ళో ఏడాదికి ఒక్క సభ దళితవాడలో పెట్టడం కష్టమా?

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నించి అమల్లో ఉంది. దరఖాస్తు పెట్టుకుంటే ఇవ్వడం ఒక్కటే కాదు, అడక్కుండానే చెప్పాలని నాలుగో సెక్షను చెప్తోంది. స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిలో, నోటీసు బోర్డుల ద్వారా, బహిరంగ ప్రకటనల ద్వారా అని కూడా ఉంది. మన పల్లెలో బాగా చేరే పద్ధతి ఏంటో మనం చెప్పాలి. చాలా పల్లెల్లో ఆదివారం ఆరాధన అయిపోయాక పాస్టరుగారు ప్రకటనలు చదువుతారు. ఎవరికి జ్వరం, ఎవరింట్లో పెళ్ళి, ఏ ఊళ్ళో కూటాలు, అంతా అక్కడే తెలుస్తుంది. పంచాయతీ కాగితం కూడా అక్కడ చదివించొచ్చు గదా అని ఒకాయన అడిగాడు. మంచి ఆలోచనే గానీ మేము వద్దన్నాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఇంకా మన నెత్తి మీదే ఉంది. ఎస్సీ వాడకి రావాల్సిన నోటీసు చర్చిలో చదివారని రాసుకుని రేపు పిల్లోడి కుల సర్టిఫికెట్టు దగ్గర మెలిక పెట్టేవాళ్ళు ఉంటారు. పైగా పల్లెలో అందరూ చర్చికి రారు. అంబేద్కర్ బొమ్మ దగ్గరో, కమ్యూనిటీ హాలు గోడ మీదో అయితే అందరిదీ. బడి గోడ కూడా పనికొస్తుంది. ఏడో క్లాసు పిల్ల చదివి అమ్మమ్మకి చెప్పుద్ది, మా బళ్ళ దగ్గర అది రోజూ చూస్తున్నదే.

తెనాలి, బాపట్ల, రేపల్లె మున్సిపాలిటీల్లో ఉన్న మన పేటల గురించి ఇంకోసారి రాస్తాం. అక్కడ గ్రామసభ లేదు, కౌన్సిలు అజెండా పేట దాకా రాదు, డ్రెయినేజీ మాత్రం వస్తుంది.

ప్రతి పల్లెలో సంఘం వాళ్ళు ఏప్రిల్ 14కి నెల ముందే ఒక తెల్లకాగితం మీద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇవ్వండి. గ్రామ స్థాయిలో సమాచార దరఖాస్తుకి ఫీజు లేదు, మండలంలో అయితే 5 రూపాయలు, ఆ పైన 10. కిందటి రెండు గ్రామసభల తీర్మానాల పుస్తకం నకలు, సంతకాల పేజీతో సహా అడగండి. చెరువు పాట కాగితాలు, 15 శాతం ఖర్చు పద్దు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇచ్చినట్టు రసీదు పుచ్చుకోండి. దాంతోపాటు ఈసారి సభ సాయంత్రం ఆరింటికి, కూలికి పోయినోళ్ళు ఇంటికొచ్చాక, విగ్రహం దగ్గర పెట్టాలని మెంబరు చేత రాయించండి. ఊళ్ళో పెద్దలు అక్కడికి రావడానికి ఇబ్బంది పడతారేమో, కుర్చీలు వేసి పిలవండి. దండేసే కార్యక్రమం పొద్దున్నే ముగించుకుని సంతకాల పేజీలో వేలిముద్రలున్న ముసలాళ్ళని ముందు వరసలో కూచోబెట్టండి. పుస్తకంలో వాళ్ళ పేరున రాసిన తీర్మానాలు సెక్రటరీ చేత ఒక్కొక్కటీ చదివించి, “ఇది నువ్వు ఒప్పుకున్నావా మామ్మా?” అని అడగండి. నకళ్ళు వచ్చిన పల్లెలవాళ్ళు ఒక ప్రతి మాకు పంపితే వచ్చే సంచికల్లో ఊరి పేరుతో అచ్చేస్తాం.